ఈడు రాని తల్లులు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పెళ్ళికెదిగిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే గుండెల మీద కుంపటి అంటారు మన పెద్దవాళ్ళు. ఆ కుంపటిని ఎప్పుడెప్పుడు దించుకుందామా అనే తొందర మనకు ఈనాటిది కాదు. ఆ తొందరే తరతరాలుగా ఆడపిల్లల్ని ఒళ్ళు ముదరకముందే తల్లుల్ని చేస్తూ వచ్చింది. దానికి అడ్డుకట్ట వెయ్యడానికి మనదేశంలో ఎవరెవరు పూనుకున్నారు, ఎంతవరకు నెగ్గుకొచ్చారు, ఇంకా మిగిలింది ఏమిటి అన్నదే ఇవాళ మీతో ముచ్చటించదలచుకున్న విషయం.

"అదంతా మా అమ్మమ్మల నాటి మాట కదండీ, ఇప్పుడెందుకు?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక్క లెక్క చెబుతాను, వినండి. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ లోపు ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులు గానో, గర్భవతులు గానో ఉన్నారని తేలింది. అంటే ఎనిమిది మంది పిల్లల్లో ఒకరన్నమాట. దేశం మొత్తానికి ఈ లెక్క నూటికి 6.8, తెలంగాణలో 5.8. పదహారేళ్ళ పిల్లను మీరు మీ ఇంట్లో చూస్తూనే ఉంటారు. జడ వేసుకోవడానికి అమ్మ దగ్గర కూర్చుంటుంది, పరీక్ష అంటే భయపడుతుంది. ఆ వయసు పిల్ల చంకన పిల్లనెత్తుకుని ఉందనుకోండి. ఇది అమ్మమ్మల నాటి మాట ఎలా అవుతుంది?

ముందు పాతకాలం సంగతి చూద్దాం. ఎనిమిదేళ్ళ పిల్ల గౌరి, తొమ్మిదేళ్ళది రోహిణి, పదేళ్ళది కన్య అని పేర్లు పెట్టి, పుష్పవతి కాకముందే పెళ్ళి చెయ్యకపోతే తండ్రికి పాపమని శాస్త్రం చెప్పిందనేవారు. పెళ్ళికీ కాపురానికీ మధ్య నాలుగైదేళ్ళ ఎడం ఉండేదన్నమాట నిజమే. పిల్ల సమర్తాడాక పునస్సంధానం చేసి అత్తారింటికి పంపేవారు. కానీ ఆ ఎడం ఎంతమందికి దక్కింది? సమర్తాడిన పదహారో రోజునే ముహూర్తం పెట్టిన ఇళ్ళున్నాయి, అసలు అంతదాకా ఆగని ఇళ్ళూ ఉన్నాయి. పన్నెండో ఏట, పదమూడో ఏట పురుడు పోసుకోవడం వింతగా ఉండేది కాదు. పురిట్లో పోయిన పిల్లను తలచుకుని "దాని రాత" అనేవారు. వయసు తక్కువ అని ఎవరూ అనేవారు కాదు.

దీనికి డబ్బు కూడా తోడైంది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం నాటకం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. ఆ నాటకంలో సుబ్బిని లుబ్ధావధాన్లుకు కట్టబెట్టబోవడం చూసి మనం నవ్వుకుంటాం. అయితే మొదటి ముద్రణకు రాసిన పీఠికలో గురజాడవారు ఇచ్చిన లెక్కలు చదివితే ఆ నవ్వు ఆగిపోతుంది. విశాఖపట్నం ప్రాంతంలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాలు 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు! ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారని మనందరికీ తెలుసు. అంతమంది బాలవితంతువులు ఎక్కడనుంచి వచ్చారంటే, ఇదిగో, ఈ పెళ్ళిళ్ళనుంచి వచ్చారు.

ఇక చట్టం సంగతి. 1860లో తెల్లదొరలు చేసిన శిక్షాస్మృతిలో, పదేళ్ళు నిండని పిల్లతో భర్త అయినా సరే కాపురం చెయ్యడం నేరమన్నారు. పదేళ్ళు! ఆ రోజుల్లో అదే గొప్ప. ఈ పదేళ్ళ గీత ఎంత అన్యాయమైనదో రెండు కేసులు లోకానికి చూపించాయి.

మొదటిది బొంబాయిలో రఖ్మాబాయి కేసు. ఆమె తల్లి జయంతీబాయి కథే ముందు చెప్పుకోవాలి. జయంతీబాయికి పద్నాలుగేళ్ళకు పెళ్ళి, పదిహేనో ఏట రఖ్మాబాయి పుట్టింది, పదిహేడో ఏట వైధవ్యం. తర్వాత ఆమె సఖారాం అర్జున్ అనే డాక్టరును పునర్వివాహం చేసుకున్నది. రఖ్మాబాయికి పదకొండో ఏట దాదాజీ భికాజీ అనే అతనితో పెళ్ళయింది. కానీ ఆమె పుట్టింట్లోనే ఉండి చదువుకున్నది. 1884లో ఆ భర్త, నా భార్యను నాకు అప్పగించమని కోర్టుకెక్కాడు. ఊహ తెలియని వయసులో జరిగిన పెళ్ళికి నేను కట్టుబడనని రఖ్మాబాయి అన్నది. మొదట ఆమె గెలిచింది. అప్పీలు మీద తీర్పు తిరగబడింది. 1887లో కోర్టు, మొగుడి దగ్గరికి వెడతావా, ఆరునెలలు జైలుకు వెడతావా అని అడిగితే, జైలుకే పోతానన్నదా తల్లి! 1888లో భర్తకు రెండువేల రూపాయలు ముట్టాక తగువు తీరింది. ఆ తర్వాత ఆమె లండను వెళ్ళి వైద్యం చదువుకుని వచ్చి, సూరతులో ఏళ్ళ తరబడి ఆడవాళ్ళకు వైద్యం చేసింది. పదిహేనేళ్ళ తల్లికి పుట్టిన బిడ్డ ఎంతోమంది తల్లులకు పురుళ్ళు పోసింది.

రెండో కేసులో పిల్లకు అంత అదృష్టం లేదు. కలకత్తాలో ఫూల్మణి అనే చిన్నపిల్ల, పదేళ్ళు దాటినదే, తనకంటే ఎన్నో ఏళ్ళు పెద్దవాడైన భర్త దగ్గరకు పంపిన రాత్రి రక్తస్రావమై చనిపోయింది. 1890లో విచారణ జరిగింది. పిల్లకు పదేళ్ళు దాటాయి గనుక, భర్త గనుక, బలాత్కార నేరం వర్తించదన్నారు. చిన్న నేరం కింద ఏడాది శిక్షతో సరిపెట్టారు. అప్పటికే బెహ్రాంజీ మలబారీ అనే పార్సీ పత్రికా సంపాదకుడు బాల్యవివాహాలమీద ఆరేళ్ళుగా ఆందోళన చేస్తున్నాడు. ఇక్కడ పనిచేస్తున్న వైద్యురాళ్ళు కొందరు, మేం మా కళ్ళారా చూసిన కేసులు ఇవీ అని ఒక్కొక్కటీ రాసి ప్రభుత్వానికి అర్జీ పంపారు. 1891 మార్చి 19న చట్టం మారింది. పదేళ్ళ గీత పన్నెండేళ్ళకు జరిగింది. రెండేళ్ళు పెంచినందుకే దేశమంతా గగ్గోలు లేచింది. మా మతంలో వేలు పెట్టడానికి మీరెవరని తిలక్ అంతటివారు కూడా ఎదిరించారు. స్వరాజ్యం కోసం పోరాడినవారు కొందరు పిల్లల విషయంలో ఇలా మాట్లాడారంటే మనకు బాధగా ఉంటుంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి కదా.

మరి ఆ చట్టంవల్ల ఒరిగిందేమిటి? నాలుగ్గోడల మధ్య జరిగే నేరాన్ని ఎవరు చూస్తారు, ఎవరు చెబుతారు? ఆ పిల్లా? అత్తగారా? 1928లో ప్రభుత్వం మోరోపంత్ జోషీగారి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. అందులో రామేశ్వరీ నెహ్రూ, డాక్టర్ బీడన్ అనే స్త్రీలు కూడా సభ్యులు. వాళ్ళు దేశమంతా తిరిగి డాక్టర్లనీ, నర్సులనీ, తల్లులనీ అడిగారు. 1891 నాటి చట్టం ఒకటుందనే చాలామందికి తెలియదని తేలింది. పసితనంలో పురుళ్ళవల్ల తల్లీ బిడ్డా నష్టపోతున్న తీరు వాళ్ళ నివేదికలో పేజీలకు పేజీలు నిండింది. కాపురం మీద గీత గీస్తే లాభం లేదు, పెళ్ళి మీదే గియ్యాలి అన్న మాటకు బలం వచ్చింది.

ఇక్కడ ఆడవాళ్ళ పాత్ర మరిచిపోకూడదు. అఖిల భారత మహిళా సభ 1927లో పూనాలో మొదటిసారి సమావేశమైంది. బాల్యవివాహాల రద్దు వాళ్ళ ముఖ్యమైన కోరికల్లో ఒకటి. అదే ఏడాది కేథరిన్ మేయో అనే అమెరికా ఆవిడ భారతీయుల్ని తూలనాడుతూ పుస్తకం రాస్తే దేశం భగ్గుమన్నది. మన స్త్రీ నాయకులు ఆ పుస్తకాన్ని ఖండిస్తూనే, మన ఇంట్లో ఉన్న మచ్చను మనమే తుడుచుకుందామని గట్టిగా చెప్పారు. మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన మొదటి మహిళ డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి వివాహ వయస్సు పెంచాలని వాదించారు. హర్‌బిలాస్ శారదాగారు ప్రతిపాదించిన బిల్లు 1929లో చట్టమయింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్ధెనిమిది నిండాలన్నారు. మనవాళ్ళు శారదా చట్టమన్నది దీన్నే.

చట్టమయిన రోజుకూ, అమలయిన రోజుకూ మధ్య ఆరు నెలలుంది చూశారూ? ఆ ఆరునెలల్లో దేశంలో పెళ్ళిళ్ళే పెళ్ళిళ్ళు. ఉయ్యాల్లో పిల్లలకు కూడా తాళి కట్టేశారు. అమలయ్యాక ఏం చేశారో తెలుసా? గోదావరి ఒడ్డున యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్ళది. శారదా చట్టం అక్కడ చెల్లదు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురమనే పేరు కూడా వచ్చింది! చట్టంలోనూ లొసుగులున్నాయి. పోలీసులు తమంతట తాము పట్టుకోవడానికి లేదు. ఎవరో ఒకరు ఫిర్యాదు చెయ్యాలి. ఆ ఫిర్యాదీ నూరు రూపాయల దాకా పూచీ కట్టాల్సి వచ్చేది. పైగా జరిగిన పెళ్ళి చెల్లుతుంది. పొరుగింటివాళ్ళతో పగ పెట్టుకుని, డబ్బు పెట్టి కోర్టుకు వెళ్ళేవాళ్ళు ఎవరుంటారు?

అయినా ఆ గీత మెల్లమెల్లగా పైకి జరుగుతూ వచ్చింది. 1949లో ఆడపిల్లకు పదిహేను, 1978లో పద్ధెనిమిది చేశారు. 2006లో పాతది తీసేసి కొత్త చట్టం తెచ్చారు. బాల్యవివాహం జరిపించినవారికి రెండేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. పిల్ల కావాలంటే, తనకు ఇరవై ఏళ్ళు నిండేలోపు, ఆ పెళ్ళి వద్దని కోర్టుకు వెళ్ళి రద్దు చేయించుకోవచ్చు. అయితే శిక్షాస్మృతిలో, పదిహేనేళ్ళు దాటిన భార్య విషయంలో భర్తకు నేరం లేదన్న పాత మినహాయింపు మాత్రం అలాగే ఉండిపోయింది. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, పద్ధెనిమిదేళ్ళలోపు పిల్ల భార్య అయినా పిల్లేనన్నది. 1860లో పదేళ్ళ దగ్గర మొదలైన గీత పద్ధెనిమిదికి చేరడానికి 157 ఏళ్ళు పట్టిందన్నమాట! ఆడపిల్ల పెళ్ళి వయసు ఇరవైయొకటి చెయ్యాలని 2021లో ఒక బిల్లు పార్లమెంటుకు వచ్చింది గాని, 2024లో లోక్‌సభ రద్దుకావడంతో అది మురిగిపోయింది.

ఇంత గొడవా దేనికని మీరు అడగవచ్చు. పిల్ల పెద్దమనిషయితే తల్లి కావడానికి తగినట్టే కదా అనేవారు ఇప్పటికీ ఉన్నారు. కానే కాదు. సమర్తాడిన తర్వాత కూడా పిల్ల పొడుగు పెరుగుతుంది. పొడుగు పెరగడం ఆగిన తర్వాత కూడా కటి ఎముకలు మరికొంతకాలం వెడల్పవుతూనే ఉంటాయి. ఆ ఎదుగుదల పూర్తికాకముందే కడుపు పండితే, కాన్పులో బిడ్డ తల బయటికి రావడానికి దారి చాలదు. నొప్పులు రోజుల తరబడి సాగితే తల్లి ప్రాణానికే ముప్పు. బతికి బయటపడినా, లోపల రాపిడికి చిల్లిపడి మూత్రం ఎప్పుడూ కారుతూ ఉండే జబ్బు కొందరికి పట్టుకుంటుంది. వేళకు ఆసుపత్రి అందనిచోట ఇది ఎక్కువ. బట్టలు తడుస్తాయని, వాసన వస్తుందని భర్తే వదిలేసిన ఆడవాళ్ళున్నారు. ఆపరేషనుతో నయమయ్యే జబ్బిదని చాలామందికి తెలియదు. ఇంకా, రక్తపోటు పెరిగి కాళ్ళూ మొహమూ వాచి ఫిట్స్ రావడం, రక్తహీనత, పురిటి జ్వరం, ఇవన్నీ పెద్దవాళ్ళకంటే చిన్నతల్లులకు ఎక్కువ. పిల్ల ఎదగవలసిన తిండిని కడుపులో బిడ్డతో పంచుకోవాలి. ఇద్దరికీ చాలదు. అందుకే నెలలు నిండని బిడ్డలు, బరువు తక్కువ బిడ్డలు పుడతారు. ఆ బక్కబిడ్డ ఆడపిల్లయి, దానికీ తొందరపడి పెళ్ళి చేస్తే, కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

ఒంటి సంగతి అలా ఉంచండి. చదువు ఆగిపోతుంది. చేతిలో పని ఉండదు, చెప్పుకోవడానికి మాట ఉండదు. భర్త మంచివాడయితే సరి, కాకపోతే పద్ధెనిమిదేళ్ళకే ఇద్దరు పిల్లలతో పుట్టింటి గుమ్మంలో నిలబడుతుంది.

మరి ఇన్ని చట్టాలున్నా ఎందుకు జరుగుతోంది? శాస్త్రం మాట ఇప్పుడు ఎవరూ అనడంలేదు. పిల్ల వయసు పెరిగినకొద్దీ కట్నం పెరుగుతుందని ఒకరు, మేనమామ కొడుకున్నాడు, ఇప్పుడే ముడిపెడదామని ఒకరు, కూలిపనికి వలసపోతూ ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదలమని ఒకరు. అన్నింటికంటే పెద్దది, పిల్ల ఎవరితోనైనా మాట్లాడుతుందేమో, పరువు పోతుందేమో అనే భయం. ఊళ్ళో హైస్కూలు లేకపోతే ఆ భయం రెట్టింపు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఇందాక చెప్పిన సర్వేలోనే, బడి మొహం చూడని పిల్లల్లో నూటికి పద్ధెనిమిది మంది ఆ వయసులో తల్లులవుతుంటే, పన్నెండో తరగతి దాకా చదివినవాళ్ళలో నలుగురే అవుతున్నారు. చదువు మానిన ఏడాదికో రెండేళ్ళకో పెళ్ళిమాట మొదలవుతుంది. చదువు ఆగకపోతే ఆ మాట కూడా ఆగుతుంది.

మన తెలుగునాట దీనికి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారే సాక్ష్యం. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. కాపురానికి పంపే ఈడు వచ్చేసరికి, నాకీ పెళ్ళి వద్దని నోరు తెరిచి చెప్పింది. ఆమె అదృష్టమేమిటంటే పుట్టింటివారు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభలో సభ్యత్వం, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షత, ఇవన్నీ ఆ తర్వాతి మాటలు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళు తక్కువ కాలంలో పరీక్షకు కూర్చునేలా ఆ మండలి 1958లో ప్రత్యేక కోర్సులు మొదలుపెట్టింది. చిన్నప్పుడు పెళ్ళయిన ఆడదానికి చదువు ఎందుకు ఆగిపోతుందో ఆమెకు ఒకరు చెప్పాలా?

పట్నంలో ఉండే గృహిణులం మనమేం చెయ్యగలం అంటారా? చాలా చెయ్యగలం. మీ ఇంటికి పనికివచ్చే అమ్మాయితోపాటు, లేదా ఆమె బదులు, కూతురు వస్తోందా? ఆ పిల్ల బడి మానేసిందేమో అడగండి. అంట్లు తోమినందుకు మనం ఇచ్చే నాలుగు రూకలే ఆ పిల్ల చదువుకు గండి కొట్టకూడదు. పుస్తకాలకో, ఫీజుకో, సైకిలుకో సాయం చేస్తే, రెండేళ్ళు గడుస్తాయి. ఆ రెండేళ్ళే ఆ పిల్లకు ప్రాణం. "మా పిల్ల పెళ్ళి, అమ్మగారూ, ఓ వెయ్యి అప్పు కావాలి" అని అడిగితే పిల్ల వయసెంతో ముందు అడగండి. మాట వినకపోతే 1098కు ఫోను చెయ్యవచ్చు. రాత్రీపగలూ పలుకుతుంది. పెళ్ళి జరిగాక కేసు పెట్టడంకంటే జరగకముందు ఆపడమే పిల్లకు మేలు. కోర్టు కూడా ముందుగా ఆపమని ఉత్తర్వు ఇవ్వవచ్చునని చట్టంలో ఉన్నది.

ఇక మన ఇంటి పిల్లల సంగతి. పిల్ల పెద్దమనిషయినప్పుడు చలిమిడి, చిమ్మిలి తినిపించి, పట్టుపరికిణీ కట్టి ఫొటో తీయిస్తాం. ఒంట్లో ఏం జరుగుతోందో, బిడ్డ ఎలా పుడుతుందో మాత్రం చెప్పం. సిగ్గు. తల్లి చెప్పని మాట ఎవరో ఒకరు చెబుతారు, తప్పుగా చెబుతారు. మగపిల్లవాడికి కూడా చెప్పాలి. బాధ్యత ఒక్క ఆడపిల్లదేనా? ఒకవేళ పొరపాటున ఏదైనా జరిగితే, గదిలో పెట్టి కొట్టడం, నాటుమందులు మింగించడం, హడావిడిగా ఎవరికో కట్టబెట్టడం చెయ్యకండి. వెంటనే మంచి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. "అమ్మకు చెబితే చంపేస్తుంది" అనుకున్న పిల్ల నెలలు దాటేదాకా దాచుకుంటుంది. ఆ ఆలస్యమే ప్రమాదం.

కోడలి మాట కూడా చెప్పాలి. పద్ధెనిమిది నిండగానే పెళ్ళి చేసుకుని వచ్చిన పిల్ల, చట్టం ప్రకారం పెద్దదే. కానీ మూడోనెలనుంచే "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని వచ్చినవాళ్ళంతా అడుగుతారు. ముందు అడిగేది అత్తగారే. ఏడాది తిరిగేసరికి ఊయల ఊగాలంటారు. కొత్త దంపతులు రెండుమూడేళ్ళు ఆగాలనుకుంటే, దానికి సురక్షితమైన పద్ధతులు ప్రభుత్వాసుపత్రిలోనే దొరుకుతాయి. మీరు ఆ ప్రశ్న అడగకుండా ఉంటే చాలు, ఆ పిల్లకు సగం బలం వచ్చినట్టే. ఇప్పటికే గర్భవతి అయిన చిన్నపిల్ల మీ ఎరుకలో ఉంటే తప్పెవరిదని విచారణ పెట్టకండి. తొలినెలల్లోనే పేరు రాయించి, ఐరన్ మాత్రలు మింగించి, రక్తపోటు చూపిస్తూ, కాన్పు ఆసుపత్రిలోనే జరిగేలా చూడండి.

చట్టం వయసు పెంచగలిగింది. పెళ్ళిపీటలమీద ఎవరు కూర్చుంటున్నారో చూడవలసింది మాత్రం ఆ పెళ్ళికి పిలుపు అందుకున్న మనమే. ఈసారి శుభలేఖ చేతికి వచ్చినప్పుడు ముహూర్తం ఎప్పుడో చూసే ముందు, పెళ్ళికూతురు ఎన్నో తరగతి చదువుతోందో కనుక్కోండి.

సెలవు.